ముప్పై ఆరు జీబీల తేడా

"అరవై రెండు ఎక్కడ, తొంభై ఎనిమిది ఎక్కడ? మధ్యలో ముప్పై ఆరు ఏమైనట్టు? గాల్లో దాచిన సరుకు గాల్లోనే పిల్లల్ని పెడుతుందా? వద్దమ్మా, ఆ పాఠం నాకు చెప్పకు. నేను ముప్పై మూడేళ్లు తూకాలు చూసినవాణ్ణి. ఆ ముప్పై ఆరు ఎవరిదో తేల్చి చెప్పు, లేదా ఫోను మీ పైవాళ్లకివ్వు."

ఈ గొడవ నాకు రెండో అంతస్తు మెట్ల మీదికే వినపడింది. అవతలివాళ్ల గొంతు మాత్రం వినపడలేదు. అదేం విశేషం కాదు. మా పెదనాన్నతో వాదనకి దిగినవాళ్ల గొంతు మొదటి నిమిషం తర్వాత ఎవరికీ వినపడదు.

మా పెదనాన్నకి ఉన్నది ఒకటే జబ్బు. ఒకే వస్తువుకి రెండు చోట్ల రెండు అంకెలు కనిపిస్తే ఆయనకి ముద్ద దిగదు. అప్పుడు ఇల్లు తగలబడుతోందని చెప్పినా, ఉండండి ముందు ఇది తేలనివ్వండి అంటాడు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది కానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. వీధిలో అందరూ ఆయన్ని సరితూకం గారనే పిలుస్తారు. అసలు పేరు పోస్టు తెచ్చేవాడికి కూడా గుర్తులేదు, సరితూకం గారి ఇల్లంటే చాలు, కవరు వచ్చేస్తుంది.

ఒకరోజు పొద్దున బస్టాండులో మిషన్ ఎక్కితే అరవై ఎనిమిది కిలోలు చూపించిందట. అదే రోజు సాయంత్రం డాక్టరు దగ్గర అరవై ఎనిమిది కిలోల ఆరువందల గ్రాములు. మనలాంటివాళ్లం అయితే చొక్కా బరువనుకుని ఊరుకుంటాం. ఆయన డాక్టరుని నాడి పట్టుకోనివ్వలేదు, ముందు మీ మిషన్ సంగతి తేల్చండన్నాడు. డాక్టరు ఓపికమంతుడు, మధ్యలో భోజనం చేసి ఉంటారు కదా అన్నాడు. మర్నాడు పెదనాన్న తినకముందు ఒకసారి, తిన్నాక ఒకసారి తూచుకున్నాడు. ఐదువందల అరవై వచ్చింది. మిగిలిన నలభై గ్రాములు ఏమిటని పెద్దమ్మని నిలదీశాడు.

"నా మాటలు," అంది పెద్దమ్మ. "నిన్న మధ్యాహ్నం అవి కూడా మింగారుగా."

దర్జీ సంగతి ఇంకా గొప్పది. మా వీధి చివర దర్జీ దగ్గర పదేళ్లుగా ఒకటే టేపు. అది వాడి వాడి అర అంగుళం సాగిందని పెదనాన్న కనిపెట్టాడు. వీధిలో నడుములన్నీ తప్పుడు కొలతతో తిరుగుతున్నాయని ఆయన బాధ. దర్జీ కుట్టుమిషన్ ఆపకుండానే జవాబు చెప్పాడట, ఆ టేపుతోనే కొలుస్తాను, ఆ టేపుతోనే కత్తిరిస్తాను, ఇక తేడా ఎక్కడిదండీ అని. పెదనాన్న అంతటితో ఊరుకునే మనిషా. మర్నాడు సరికొత్త టేపు కొనుక్కెళ్లి దర్జీకి బహుమతిగా ఇచ్చి, పాతది పట్టుకొచ్చేశాడు. ఆ వారం కుట్టిన ప్యాంట్లు ఒక్కటి కూడా ఎవరికీ ఎక్కలేదు. పుస్తకంలో రాసుకున్న కొలతలన్నీ పాత టేపువి, కత్తిరింపు కొత్త టేపుది. దర్జీ ఇప్పటికీ పెదనాన్న కనిపిస్తే షట్టరు సగానికి దించుతాడు.

పెద్దమ్మ మాత్రం ఈ జబ్బుతో కాపురం చేసి చేసి దాన్ని పనిముట్టు చేసుకుంది. ఇంట్లో మూడు గడియారాలున్నాయి, మూడూ ఒకే క్షణంలో కదలాలి. పెదనాన్న వంటింట్లోకి వచ్చి ఉప్పు ఎన్ని గ్రాములు వేశావని మొదలుపెడితే, ఆవిడ నెమ్మదిగా పడగ్గదిలోకి వెళ్లి అక్కడి గడియారం రెండు నిమిషాలు ముందుకి తిప్పి వచ్చేది. కాసేపటికి ఆయన కంట్లో పడేది. ఇక స్టూలు, స్క్రూడ్రైవరు, బ్యాటరీలు. ఆవిడకి వంట అయ్యేదాకా ప్రశాంతం. ముప్పై ఏళ్లుగా ఆయనకి తెలియకుండా ఈ నాటకం నడుస్తోందని మా ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్లం.

ఇంతకీ అరవై రెండు, తొంభై ఎనిమిది గొడవ ఏమిటంటే, అందులో తప్పు కొంత నాదే. ఆయన తన ముప్పై మూడేళ్ల తనిఖీ డైరీలన్నీ, ఏ కొట్లో ఏ త్రాసు ఎన్ని గ్రాములు కొట్టిందో రాసుకున్నవి, పేజీ పేజీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టుకుంటున్నాడు. ఆ కంప్యూటరు ఒకసారి మొరాయిస్తే నేనే క్లౌడ్‌లో వంద జీబీల చోటు ఇప్పించి, రోజూ దానంతటదే బ్యాకప్ అయ్యేలా పెట్టాను. బ్యాకప్ ప్రోగ్రాం నేను దాచింది అరవై రెండు అంటుంది. క్లౌడ్‌వాళ్ల పేజీ మీరు వాడింది తొంభై ఎనిమిది అంటుంది. వంద నిండితే కొత్త పేజీ ఒక్కటి కూడా ఎక్కదని ఎర్ర అక్షరాల హెచ్చరిక వేరే. ఆయనకి ఇంకా ఆరేళ్ల డైరీలు స్కాన్ చేయాల్సి ఉంది.

నేనా, ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మానేసినవాణ్ణి. ఎందుకు మానేశావని అడక్కండి, అడిగిన చుట్టాలందరికీ తలో జవాబు చెప్పి అలిసిపోయాను. ఫోన్లు బాగుచేసే షాపులో పగిలిన అద్దాలు మారుస్తుంటాను. ఒకచోట అరగంట కూర్చుంటే నా కాళ్లు నాకు చెప్పకుండా బయటికి నడుస్తాయి. అందుకే ఆ మొదటి ఆదివారం గుమ్మంలో నిలబడే తేల్చేద్దామనుకున్నాను. పెదనాన్న నన్ను చూసి ఫోను పెట్టేశాడు.

దర్జీ టేపు గుర్తుందా పెదనాన్నా అన్నాను. మీ బ్యాకప్ ప్రోగ్రాం పాత టేపు, దాని లెక్కలో కిలో అంటే వెయ్యి ఇరవై నాలుగు. క్లౌడ్‌వాళ్లది కొత్త టేపు, వాళ్లకి కిలో అంటే వెయ్యే. కాబట్టి ఇక్కడి అరవై రెండు అక్కడ ఇంకా ఎక్కువ కనిపిస్తుంది, సరుకు ఒకటే. ఆయన ముఖం వెలిగిపోయింది. కాగితం తీసుకుని మూడుసార్లు హెచ్చవేశాడు. అరవై ఆరు పాయింట్ ఐదు ఏడు వచ్చింది. నేను మెట్లు సగం దిగానో లేదో పైనుంచి కేక.

"ఇంకా ముప్పై ఒకటి పాయింట్ నాలుగు మూడు ఉందిరా."

రెండో ఆదివారం బండి కింద పెట్టి మెట్లెక్కుతుంటే మళ్లీ అదే గొంతు, అదే ఫోను గొడవ. ఈసారి ఇంకొంచెం ఘాటుగా. కస్టమర్ కేర్‌లో కూర్చున్న ఆ పిల్లని తలుచుకుంటే నాకే జాలేసింది. లోపలికెళ్లి, క్లౌడ్‌వాళ్లు వాడిన చోటు లెక్క రోజుకొకసారే చూస్తారు, మీరు చూసేది నిన్నటి అంకె కావచ్చు అన్నాను. ఆ మాటకి ఆయన వాళ్ల శాఖలో చేసినట్టే చేశాడు. గడిచిన వారమంతా పొద్దున్నే రెండు అంకెలూ రాసిపెట్టిన నోటుబుక్కు తీసి నా ముందు పరిచాడు. రెండూ చుక్క కదల్లేదు.

"నత్త కూడా ఇంతకన్నా కదులుతుంది," అన్నాడు నా వంక చూడకుండా.

ఆ ఇంట్లో నత్త మాట ఎత్తకూడదని ఎవరూ చెప్పకపోయినా, ఏడాదిగా ఎవరూ ఎత్తలేదు. నేను జీవితంలో కుదురుగా కూర్చున్నది ఒక్క పనికే. ఒక నత్త బొమ్మల సినిమా. ఐదో అంతస్తు వాళ్లు పారేసుకున్న తాళంచెవి నత్తకి దొరుకుతుంది. ఇచ్చేద్దామని బయల్దేరుతుంది. అది లిఫ్టు దగ్గరికి చేరేలోపు లిఫ్టు వెళ్లిపోతుంది, అందుకని మెట్లెక్కుతుంది. అంతే కథ. ఒక్కో బొమ్మా చేత్తో గీసి కదిలించాలి. నా ల్యాప్‌టాప్ ఆ బరువు మోయలేక పెదనాన్న కంప్యూటర్ మీద రెండేళ్లు గీశాను. ఆయన పక్క కుర్చీలో డైరీలు స్కాన్ చేసుకుంటూ ఉండేవాడు. మెట్టు ఎత్తు ప్రతి బొమ్మలోనూ ఒకేలా ఉందా లేదా అని స్కేలు పెట్టి స్క్రీను మీద కొలిచేవాడు కూడా.

చదువు మానేశానని తెలిసిన రోజు నాన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఆ నత్త నీకు అన్నం పెడుతుందా అన్నాడు. నేను తిన్నగా పెదనాన్న ఇంటికొచ్చి, కంప్యూటర్ ముందు నిలబడే, ఆ ఫోల్డర్ మొత్తం తుడిచి చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేశాను. పెదనాన్న పక్కనే ఉన్నాడు. వద్దనలేదు. ఎందుకని అడగలేదు. ఎంతుందిరా అని అడిగాడు. పదకొండు జీబీ అన్నాను. తుడిచాక పదకొండూ ఖాళీ అయిందో లేదో చూసుకున్నావా అన్నాడు. అలాంటప్పుడు కూడా అంకెలేనా అని ఒళ్లు మండి తలుపు విసిరికొట్టి వెళ్లిపోయాను. నత్త అప్పటికి మూడో అంతస్తులో ఉంది.

మూడో ఆదివారం మెట్ల మీద గొడవ తారస్థాయిలో ఉంది. "మీరు తేల్చకపోతే నేనే అక్కడికొచ్చి మీ మబ్బుని త్రాసులో పెడతాను," అంటున్నాడు. నేనిక లాభం లేదని, ముందురోజే షాపులో కూర్చుని విషయం మొత్తం చదివి వచ్చాను.

కారణం చాలా మామూలుది. బ్యాకప్ ప్రోగ్రాం చెప్పేది ఇవాళ మీ దగ్గర ఉన్న ఫైళ్ల బరువు. క్లౌడ్‌వాళ్లు చెప్పేది వాళ్ల దగ్గర ఉన్న మొత్తం బరువు. ఒక ఫైలు మార్చి సేవ్ చేస్తే పాత ప్రతి కూడా అక్కడ ఉండిపోతుంది. ఇక్కడ తుడిచింది అక్కడ కొన్నాళ్లు ఉంటుంది. ఇవేవీ ఇక్కడి అంకెలో కనపడవు, అక్కడ మాత్రం చోటు తింటాయి.

"అంటే సంచి తీసి తూస్తే అరవై రెండు, సంచితో తూస్తే తొంభై ఎనిమిది," అన్నాడు పెదనాన్న, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా.

నాకక్కడే అనుమానం రావాల్సింది. సరుకు బరువు వేరు, గోనెసంచితో బరువు వేరు అని ముప్పై మూడేళ్లు కొట్లవాళ్లకి పాఠం చెప్పిన మనిషి ఇన్ని వారాలు ఈ చిన్న సంగతి తట్టక ఫోనుతో కుస్తీ పట్టాడా? కానీ నాకు తొందర. షాపులో మూడు ఫోన్లు నాకోసం ఎదురుచూస్తున్నాయి. పాత ప్రతులు, తుడిచినవి అన్నీ ఒకే దెబ్బతో పోయే మీట ఒకటుంది, నొక్కితే రెండు అంకెలూ సరిపోతాయి, మీకు శాంతి, నాకు విముక్తి అని నిలబడే మౌస్ అందుకున్నాను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"తూచకుండా తుడవకూడదురా. ఆ సంచిలో ఏముందో విప్పి చూసి, తూచి, అప్పుడు నొక్కు. చూడకుండా పారెయ్యడం మా శాఖలో నేరం."

సరే, పావుగంట పని అని కుర్చీ లాక్కున్నాను. ఆయన అప్పుడు ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. ఎదురుగా తూకం జరుగుతుంటే మధ్యలో లేచాడు. పాలు తేవాలని చెప్పి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

నేను ఆ జాబితా తెరిచాను. పైన పేరు చూడగానే వేలు మౌస్ మీద ఆగిపోయింది.

నత్త ఆఖరిది. నత్త ఆఖరిది రెండు. నత్త ఇదే ఆఖరిది. నత్త ఒట్టు ఇదే ఆఖరిది. నేను సేవ్ చేసిన ప్రతి రోజుదీ ఒక ప్రతి. మొదటి మెట్టు దగ్గర నత్తకి కొమ్ములు మర్చిపోయిన రోజుది కూడా ఉంది. నేను తుడిచినవి పదకొండు జీబీలు, రెండేళ్ల పాత ప్రతులు ఇరవై పైన. కింద మొత్తం చూపించింది, ముప్పై ఒకటి పాయింట్ నాలుగు. ముప్పై మూడేళ్ల డైరీలు పక్కన పెడితే, క్లౌడ్‌లో పెదనాన్న చోటంతా నా నత్తే ఆక్రమించుకుని కూర్చుంది.

నాకు ఒకటి అర్థం కాలేదు. తుడిచినవి నెల రోజులే ఉంటాయని నేను చదివాను. నేను తుడిచి ఏడాదైంది. ఎక్కడో ఏదో తప్పు సెట్టింగ్ ఉండాలని పెదనాన్న మెయిల్‌లో వెతికాను. క్లౌడ్‌వాళ్ల దగ్గర్నుంచి వచ్చింది ఒక్కటే ఉత్తరం. తారీఖు చూస్తే నేను తలుపు విసిరికొట్టిన రోజు. మీరు ఫోనులో కోరినట్టు, తుడిచిన ఫైళ్లూ పాత ప్రతులూ ఎప్పటికీ ఉండేలా మార్చాం, దీనివల్ల మీ బ్యాకప్ సైజుకీ వాడిన చోటుకీ ఎప్పుడూ తేడా కనిపిస్తుంది, అలా ఫర్వాలేదని మీరు చెప్పినట్టు నమోదు చేసుకున్నాం. అంతే ఉత్తరం.

వెనక నుంచి పెద్దమ్మ టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"చూశావన్నమాట," అంది. "ఆ వేళ నువ్వు మెట్లు దిగుతుండగానే ఫోను తీశాడు. ఆ పిల్ల, రెండు లెక్కలూ ఇక జన్మలో కలవవండీ అని చెప్పిందట. ఈయన గోడకేసి చూస్తూ కాసేపు కూర్చున్నాడు. నేను గుండె పట్టేసిందేమో అనుకున్నా. ఆఖరికి, ఫర్వాలేదమ్మా ఉంచెయ్యి అన్నాడు. ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడనుకో."

"మరి ఈ మూడు వారాలూ ఫోనులో ఆ పిల్లని చంపుకు తింటున్నాడు కదా?"

"ఏ పిల్ల?" అంది పెద్దమ్మ. "అవతల ఎవరూ లేరు. కింద నీ బండి చప్పుడు వినపడగానే ఫోను చెవి దగ్గర పెట్టుకుంటాడు. నత్త ఉందిరా అని చెబితే నువ్వు చూడకుండానే మీట నొక్కేస్తావట. లెక్క తేలట్లేదంటే మాత్రం విసుక్కుంటూనైనా కూర్చుని చూస్తావట. ఆ వంద నిండుతుందన్న ఎర్ర అక్షరాలు వచ్చాకే మొదలెట్టాడు. ఇక ఆగితే ఎలా అని."

నేను తలెత్తకుండా టీ తాగాను. తర్వాత అన్నాను, నీ గడియారం నాటకం ముందు ఇదెంతలే పెద్దమ్మా అని. ఏదో ఒకటి అనాలి కదా.

"నాదొక నాటకమా," అని నవ్వింది. "పెళ్లయిన రెండో ఏడే ఆయనకి తెలిసిపోయింది. స్టూలు మీదెక్కి అరగంట కూర్చుంటాడే, అందులో రెండు నిమిషాలే పని. మిగతాదంతా నాకు కాస్త ఊపిరాడనీ అని. నాకు తెలుసని ఆయనకి తెలీదు. నువ్వు చెప్పకు."

ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. పెద్దమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. పెదనాన్న వచ్చి, పాల ప్యాకెట్టుని మామూలుగా చేతిలో ఎగరేసి బరువు చూసి, ఆరు గ్రాములు తక్కువ అని గొణిగి, నా వెనక నిలబడ్డాడు. స్క్రీను వంక చూడలేదు.

"తూచావా? ఎంతొచ్చింది?"

"ముప్పై ఒకటి పాయింట్ నాలుగు. ఇంకా పాయింట్ సున్నా మూడు దొరకలేదు."

"తరుగు," అన్నాడు.

నేను వెనక్కి తిరిగి ఆయన ముఖం చూశాను. తరుగు అన్నందుకు ఒక ఊరి బజారు మొత్తానికి నోటీసులిచ్చిన మనిషి. బియ్యంలో తరుగు, బెల్లంలో తరుగు, ఆఖరికి పెళ్లిలో తలంబ్రాలలో తరుగు కూడా ఒప్పుకోని మనిషి. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి. గోడ మీద గడియారం వంక చూస్తూ నిలబడ్డాడు, అది సరిగ్గానే నడుస్తోంది.

"మీట నొక్కనా మరి?" అన్నాను. "రెండు అంకెలూ కలుస్తాయి. హాయిగా నిద్రపోవచ్చు."

ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. నా వేలు ఆ మీట మీద లేదని అప్పటికే చూసుకుని ఉంటాడు. తూకం చూసే కళ్లు కదా.

"నీ నత్త ఎన్నో అంతస్తులో ఉంది?"

"మూడు."

"ఇంకా రెండున్నాయి."

"ఇది క్లౌడ్ నుంచి మళ్లీ ఈ కంప్యూటర్లోకి దింపితే ఇంకో ప్రతి అవుతుంది పెదనాన్నా. వంద దాటిపోతుంది. మీ డైరీలు ఎక్కవు."

"పెద్ద సంచి తీసుకుందాం," అన్నాడు. "సంచి చాల్లేదని సరుకు పారబోసినవాణ్ణి నేనెక్కడా చూడలేదు."

షాపు నుంచి ఫోను మోగింది. మోగనిచ్చాను. కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నాను, అది చాలాసేపు కూర్చోవడానికి జరుపుకున్నట్టు ఎవరికీ కనపడకుండా. నత్త మూడో అంతస్తు మలుపు దగ్గర, తాళంచెవి వీపు మీద పెట్టుకుని, ఏడాదిగా కాలు ఎత్తి పట్టుకున్నట్టు అలాగే ఉంది. నత్తకి కాలు ఉండదని ఆయనే రెండేళ్ల కిందట నాతో గంట వాదించాడు.

పెదనాన్న పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డైరీ ఒకటి తెరిచి స్కానర్ మీద బోర్లించి, ఆ వెలుతురు ఇటు నుంచి అటు నడిచేదాకా ఆగాడు. తర్వాత నోటుబుక్కు తీసి, అరవై రెండు అని ఒకవైపు, తొంభై ఎనిమిది అని ఇంకోవైపు రాసి, మధ్యలో ముప్పై ఆరు వేసి, దాని కింద ఒక ఖాళీ గీత గీసి, పెన్ను మూత పెట్టాడు.

"ఒరేయ్," అన్నాడు, గొంతు వీలైనంత మామూలుగా పెట్టుకుని. "వచ్చే ఆదివారానికి ఈ తేడా ఇంకో అర జీబీ పెంచి పెట్టరా."